మాస్టడాన్‌లో మూడు రోజులుగా ఎవరూ పలకడం లేదన్న ప్రశ్నకు నా జవాబు

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. ఎక్కడైనా పొరబడితే సరిదిద్దండి. ఎక్స్‌లో (పాత ట్విట్టర్‌లో) మీకు 4 వేల మంది ఫాలోవర్లు ఉన్నారు. కొల్లేరు చుట్టుపక్కల తీసిన పక్షుల ఫోటోలు, అప్పుడప్పుడు సొంత పద్యాలు పెడుతుంటారు. అక్కడి తిట్లూ ప్రకటనలూ భరించలేక, అలాంటిదే అయినా ఒకే కంపెనీ చేతిలో లేని మాస్టడాన్ అనే వేదికలో, స్నేహితుడు చెప్పిన ఒక చిన్న సర్వర్‌లో (దాన్ని నడిపే అనేక కేంద్రాల్లో ఒకదానిలో) ఖాతా తెరిచారు. మూడు రోజుల్లో ఎనిమిది పోస్టులు పెడితే వచ్చినవి రెండు నక్షత్రాలు, అంటే అక్కడి లైకులు. అందులో ఒకటి మీ అబ్బాయి ఇచ్చిందే. ఇదంతా దండగ వ్యవహారమా, బ్లూస్కై అనే మరో వేదికకు వెళ్లాలా, లేక బుద్ధిగా ఎక్స్‌లోనే ఉండిపోవాలా అని అడిగారు.

సూటిగా చెప్పేస్తాను. మాస్టడాన్ ఖాతా మూయకండి. ఎక్స్ ఖాతానూ ఇప్పుడే మూయకండి. పక్షులను మాస్టడాన్‌కు తీసుకెళ్లండి, పద్యాలకు మాత్రం సొంత బ్లాగు పెట్టుకోండి. సర్వర్ మారండి. మూడు రోజులు కాదు, ఒక మండలం చూడండి. 41 రోజులు దీక్షలకే కాదు, దీనికీ సరిపోయే లెక్కే. ఎందుకు ఇలా అంటున్నానో చెప్పాలంటే కాస్త పొడుగవుతుంది.

ఇళ్లు మారడంలో నేను బాగా ముదిరినవాణ్ణి. యాహూ గ్రూపుల్లో రచ్చబండ అనే తెలుగు చర్చా బృందం నడిచిన రోజుల నుంచి ఇంటర్నెట్‌లో తెలుగు రాస్తున్నాను. నేను పాలు పొంగించిన ఇళ్ల జాబితా చూడండి: ఆర్కుట్ 2014 సెప్టెంబరులో పోయింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో పోయింది. యాహూ గ్రూపులు 2020 డిసెంబరులో పూర్తిగా మూతపడ్డాయి. పసుపుపచ్చ పిట్ట బొమ్మతో బెంగళూరు నుంచి వచ్చి తెలుగుకూ పెద్దపీట వేసిన కూ 2024 జూలైలో పోయింది. కాబట్టి కొత్త వేదిక ఏది కనబడినా నేను మొదట చూసేది అందులోకి ఎలా వెళ్లాలని కాదు, ఎలా బయటపడాలని. అపశకునం మాట్లాడుతున్నాడని మా ఇంట్లోవాళ్లు నవ్వుతారు.

మాస్టడాన్‌లో నేనూ మొదటిసారి మీలాగే ఓడిపోయాను. 2019 నవంబరులో సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ట్విట్టర్ ఖాతాను నిలిపివేసిన గొడవలో మన దేశం నుంచి చాలామంది నిరసనగా మాస్టడాన్‌కు వెళ్లారు. ఆ ఊపులో నేనూ వెళ్లాను. పన్నెండు రోజులు ఉండి, 'ఇక్కడ మనుషులే లేరు' అని తిరిగొచ్చేశాను. మళ్లీ 2022 నవంబరులో, ఇలాన్ మస్క్ ట్విట్టర్‌ను కొన్న మరుసటి నెలలో వెళ్లాను. ఈసారి నిలబడ్డాను. రెండు ప్రయాణాలకూ మధ్య మాస్టడాన్ పెద్దగా మారలేదు. నేను దాన్ని వాడిన పద్ధతి మారింది.

ఎవరూ పలకకపోవడానికి మీ ఫోటోలు కారణం కాదు. ఎక్స్‌లో మీరు పోస్టు పెడితే ఒక యంత్రం దాన్ని ముక్కూ మొహం తెలియని వాళ్ల ముందు కూడా పెడుతుంది. మంచికో చెడుకో ఆ పరిచయాలు అది చేస్తుంది. మాస్టడాన్‌లో ఆ మధ్యవర్తి లేడు. ముంగిలి పేజీలో మనం ఫాలో అయిన వాళ్ల పోస్టులు, వాళ్లు బూస్ట్ చేసినవి (అంటే ఇతరుల పోస్టును తమ ఫాలోవర్లకు మళ్లీ పంపినవి), మనం ఫాలో అయిన హ్యాష్‌ట్యాగ్‌ల పోస్టులు మాత్రమే వరసగా కాలక్రమంలో వస్తాయి. మీకు అక్కడ తొమ్మిది మంది ఫాలోవర్లు ఉన్నారని రాశారు. అంటే మీ గూడబాతు ఫోటో బయలుదేరింది ఆ తొమ్మిది మంది కోసం. అందులో సగం మంది ఖాతా తెరిచి మరచిపోయినవాళ్లే అయి ఉంటారు.

పోస్టు ఎలా ప్రయాణిస్తుందో ఒకసారి చూస్తే మిగతావన్నీ తేలికవుతాయి. తెల్లవారుజామున బస్టాండులో పేపరు కట్టలు దించడం చూసే ఉంటారు. ఏలూరుకు ఒక కట్ట, భీమవరానికి ఒక కట్ట, కైకలూరుకు ఒక కట్ట. అచ్చువేసిన చోటి నుంచి ప్రతి ఇంటికీ మనిషి రాడు. ఊరికి ఒక కట్ట పడుతుంది, ఇంటింటికీ వేసేది ఆ ఊరి ఏజెంటు. మాస్టడాన్ అంతే. వేల సర్వర్లు ఉన్నాయి, ఒక్కొక్కటీ ఒక్కొక్కరి నిర్వహణలో ఉంటుంది. మీరు పోస్టు నొక్కగానే మీ సర్వర్ దాని నకలును మీ ఫాలోవర్లున్న సర్వర్లకు పంపుతుంది. ఒక సర్వర్‌లో మీ ఫాలోవర్లు యాభై మంది ఉన్నా అక్కడికి పోయేది ఒకటే కట్ట. చందాదారు ఒక్కరూ లేని ఊళ్లో కట్ట దిగదు. ఆ ఊరివాళ్లకు మీరు ఉన్నట్టే తెలియదు.

ఇప్పుడు మీరు పెట్టిన ఇంకో ఫిర్యాదు చూద్దాం. 'తెలుగు' అన్న హ్యాష్‌ట్యాగ్ వెతికితే మూడే పోస్టులు కనిపించాయన్నారు. లోకంలో ఉన్నవి మూడే అని దాని అర్థం కాదు. నలభై మంది ఉన్న మీ సర్వర్‌కు, ఆ నలభై మందీ ఎవరెవరిని ఫాలో అవుతున్నారో దాదాపు వాళ్ల పోస్టులే తెలుసు. అక్కడ తెలుగువాళ్లను ఫాలో అయ్యేది మీరొక్కరే కావచ్చు. అందుకే వెతుకులాట గుడ్డిగా సాగుతుంది. ఇదే కారణంగా కొత్తగా కనబడిన మనిషి ప్రొఫైల్ తెరిస్తే ఖాళీగా ఉంటుంది. పాత పోస్టులు మీ సర్వర్‌కు రాలేదు, అంతే. ఆ ప్రొఫైల్‌ను అతని సొంత సర్వర్‌లో తెరిచే లంకె ఉంటుంది, అది నొక్కితే అన్నీ కనబడతాయి. ఈ ఒక్క సంగతి తెలియక 2019లో నేను ఎంతమందిని 'ఏమీ రాయని మనిషి' అనుకుని దాటేశానో!

ఈ ఏర్పాటు ఎక్కడి నుంచి వచ్చిందంటే, జర్మనీలో యూజెన్ రోచ్కో అనే కుర్రవాడు 2016లో మాస్టడాన్‌ను విడుదల చేశాడు. పేరు అంతరించిపోయిన ఏనుగులాంటి జంతువుది, అందుకే అంతటా ఏనుగు బొమ్మ. సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష పేరు యాక్టివిటీపబ్. వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ దాన్ని 2018 జనవరిలో ప్రమాణంగా ఆమోదించింది. ఈ-మెయిల్‌ను ఎవరూ కొనేయలేకపోవడానికి ఏది కారణమో, ఇక్కడా అదే: దానికి ఒకే యజమాని లేడు. సాఫ్ట్‌వేర్ ఎవరైనా తీసుకోవచ్చు. ఆ మాటకొస్తే తీసుకున్నారు కూడా. 2019లో గ్యాబ్ అనే అమెరికా సామాజిక వేదిక, తర్వాత ట్రంప్ గారి ట్రూత్ సోషల్ మాస్టడాన్ కోడ్ మీద కట్టినవే. గ్యాబ్ వచ్చినప్పుడు చాలా సర్వర్లు దానితో రాకపోకలు తెంచుకున్నాయి. మీ సర్వర్ నిర్వాహకుడు ఇలా ఏ సర్వర్‌నైనా వెలివేయగలడు. అతని విచక్షణ మీద మీ ప్రశాంతత ఆధారపడి ఉంటుంది కాబట్టి సర్వర్ ఎంచుకునేటప్పుడు పేరు చూసి మురిసిపోకుండా 'గురించి' పేజీ చదవండి. నియమాలు ఏమిటి, నిర్వాహకులు ఒకరా ఇద్దరా, మూసేయాల్సి వస్తే ముందుగా చెబుతామన్నారా, ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు. ఈ నాలుగూ రాసి లేని చోట నేను అద్దెకు దిగను.

సర్వర్ల గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే దెబ్బలు తిన్నది ఇక్కడే. 2022లో నేను చేరిన సర్వర్‌ను ఒకే మనిషి సొంత డబ్బుతో నడిపేవాడు. మరుసటి ఏడాది ఇక చేతకాదని మూడు నెలల గడువు ఇచ్చి మూసేశాడు. మర్యాదస్థుడు. ఆ గడువులో ఇల్లు మారాను. కొత్త సర్వర్‌లో ఖాతా తెరిచి, ఫలానా పాత ఖాతా నాదే అని అక్కడ నమోదు చేసి, పాత ఖాతాలో 'ఫలానా చోటికి వెళుతున్నాను' అని నొక్కాను. టీ తాగి వచ్చేసరికి 230 మంది ఫాలోవర్లలో 212 మంది కొత్త ఇంటికి వచ్చేశారు. వాళ్లు ఏమీ చేయలేదు, వాళ్ల సర్వర్లే ఆ పని చేశాయి. ఇంత హాయిగా ఇల్లు మారడం నేను అంతకు ముందు ఎక్కడా చూడలేదు. అయితే పోస్టులు రావు. 640 పోస్టులు పాత చోటే ఉండి, సర్వర్‌తో పాటు పోయాయి. వారానికి ఒకసారి మన పోస్టులన్నిటినీ కట్టకట్టి దించుకునే వీలు సెట్టింగులలో ఉంది. నేను దించుకున్నాను కూడా. కానీ ఆ ఫైలు యంత్రం చదివే రూపంలో ఉంటుంది, అందులోంచి నా రాతలు ఏరుకోవడానికి ఒక ఆదివారం పట్టింది. మనం ఎవరెవరిని ఫాలో అవుతున్నామో ఆ జాబితా కూడా తనంతట తాను రాదు. పాత చోట ఫైలుగా దించుకుని కొత్త చోట ఎక్కించాలి. ఒకసారి మారితే 30 రోజుల దాకా మళ్లీ మారడం కుదరదు, కాబట్టి తొందరపడి గడప దాటకండి.

సర్వర్ పోయే దారులు చిత్రంగా కూడా ఉంటాయి. 2024 ఫిబ్రవరిలో క్వీర్ డాట్ ఏఎఫ్ అనే సర్వర్ ఉన్నట్టుండి ఆగిపోయింది. ఏఎఫ్ అన్నది అఫ్గానిస్థాన్ డొమైన్, అంటే వెబ్ చిరునామా చివర వచ్చే ఆ దేశపు తోక. తాలిబన్ల ప్రభుత్వం ఆ పేరును నిలిపేసింది. ముచ్చటగా ఉందని ఏదో దేశపు డొమైన్ తీసుకుంటే ఆ దేశం మాట వినాల్సిందే. మీరు చేరబోయే సర్వర్ పేరు చివర ఏముందో ఒకసారి చూసుకోండి.

ఆ తర్వాత మిత్రులం పదకొండు మందిమి కలిసి ఒక చిన్న సర్వర్ పెట్టుకున్నాం. గొప్పకు చెప్పడం లేదు, ఏడుపు చెప్పుకోవడానికే చెబుతున్నాను. మాలో ఒకాయన పక్షుల పిచ్చితో ఒక్క రాత్రిలో మూడు వందల మంది ఫోటోగ్రాఫర్లను ఫాలో అయ్యాడు. వాళ్లు పెట్టే ప్రతి ఫోటోనూ మా సర్వర్ తన డిస్కులో దాచుకుంటూ పోయింది. నాలుగో రోజు పొద్దున లేచి చూస్తే డిస్కు నిండి డేటాబేస్ ఆగిపోయింది. పది మంది నుంచి ఫోన్లు. బయటి ఫోటోల నకళ్లను ఇన్ని రోజుల తర్వాత తీసేయమని చెప్పే సెట్టింగు ఉంది, అది మేము పెట్టుకోలేదు. ఇప్పుడు ఏడు రోజులకు పెట్టాం. ఈ కథ ఎందుకంటే, మీరు ఏ సర్వర్‌లో ఉన్నా తెర వెనక ఇలాంటి మనిషి ఒకడు పొద్దున్నే లేచి డిస్కు చూసుకుంటూ ఉంటాడు. విరాళం అడిగితే నెలకు రెండు కాఫీల డబ్బు ఇవ్వండి.

కొత్తవాళ్లకు చిన్న సర్వర్ వద్దు. ముందు చెప్పిన గుడ్డితనం వల్లనే. మాస్టడాన్ సంస్థే నడిపే మాస్టడాన్ డాట్ సోషల్ అన్నిటికన్నా పెద్దది. అందరినీ అక్కడికే తోలితే ఈ ఏర్పాటుకు అర్థం ఏముందని పాతకాపులు గొణుగుతారు. వాళ్లు చెప్పేది నిజమే, అయినా మొదటి నెలకు అదే మేలు. ఊరు తెలిశాక మీకు నచ్చిన పేటకు మారవచ్చు, మారే దారి ఉందని చూశారు కదా.

ఇక మండలం రోజులు ఏం చేయాలి. ప్రొఫైల్‌లో ఫోటో, రెండు వాక్యాల పరిచయం పెట్టండి. ఖాళీ ప్రొఫైల్ నుంచి ఎవరైనా ఫాలో అయితే నేను సగం సార్లు దొంగ ఖాతా అనుకుంటాను. పరిచయం పోస్టు ఒకటి రాసి పైన అతికించండి. అందులో కొల్లేరు, ఆటపాక, గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు అని అసలు పేర్లు రాయండి. 'ప్రకృతి ప్రేమికులం' అంటే ఎవరికీ ఏమీ తెలియదు.

తర్వాత మీరు మాట్లాడే ముందు ఇతరుల మాట వినండి. మొదటి వారం రోజుకు పది మందిని ఫాలో అవండి. హ్యాష్‌ట్యాగ్‌నే ఫాలో అయ్యే వీలు 2022 చివర్లో వచ్చింది, దాన్ని వాడుకోండి. బర్డ్స్‌ఆఫ్‌మాస్టడాన్ అన్న ట్యాగ్‌ను ఆంగ్ల లిపిలో ఫాలో అయితే చాలు, మీ ముంగిలి పేజీ పిట్టలతో నిండిపోతుంది. బాగున్నవాటికి నక్షత్రం ఒక్కటే ఇచ్చి ఊరుకోకండి. ఇక్కడ నక్షత్రం రాసినవాడికి చెప్పే థాంక్స్ మాత్రమే, పోస్టును ఇతరుల ముంగిలి పేజీల్లోకి తీసుకెళ్లదు. తీసుకెళ్లేది బూస్ట్ ఒక్కటే. అది తెలిసినవాళ్లు ధారాళంగా బూస్ట్ చేస్తారు, తెలియనివాళ్లు నక్షత్రాలు పంచుతూ 'ఎవరూ పట్టించుకోరు' అంటారు. అన్నిటికన్నా ముఖ్యం, జవాబులు రాయండి. మొదటి మండలంలో సొంత పోస్టు ఒకటికి ఇతరుల కింద మూడు జవాబులు, ఈ లెక్కన చేస్తే నాకు పని చేసింది. సంక్రాంతికి కొత్త ఊరు వెళ్లినవాడు అరుగుల దగ్గర తనే ఆగి పలకరించాలి కదా, గుమ్మంలో కూర్చుంటే ఎవరు వస్తారు.

ఎక్స్‌లో పెట్టినదాన్నే ఆటోమేటిక్‌గా ఇక్కడికి పంపే ఉపకరణాలు దొరుకుతాయి. వాడకండి. మనిషి లేని ఇంట్లో రేడియో మోగుతున్నట్టు ఉంటుంది, ఇక్కడివాళ్లు వెంటనే పసిగడతారు.

ఫోటోల విషయంలో ఈ వేదికకు ఒక ఆచారం ఉంది. ఫోటోతో పాటు దాని వర్ణన, అంటే ఆల్ట్ టెక్స్ట్, రాయడం. చూపు లేనివాళ్ల ఫోనులో తెర చదివే సాఫ్ట్‌వేర్ దాన్ని చదివి వినిపిస్తుంది. ఎక్స్‌లోనూ ఈ సౌకర్యం ఉంది, పట్టించుకునేవాళ్లు తక్కువ. ఇక్కడ వర్ణన లేని ఫోటోను చాలామంది బూస్ట్ చేయరు. మీ ఎనిమిది పోస్టులూ చూశాను, ఒక్కదానికీ లేదు. 'పిట్ట' అని రాస్తే సరిపోదు. నేను పోయిన దసరాకు పెట్టినది చూపిస్తాను: 'కరెంటు తీగ మీద పాలపిట్ట. ఛాతీ ఇటుకరాయి రంగు, ముడిచిన రెక్క అంచున ముదురు నీలం, లేత నీలం పట్టీలు. తల ఎడమకు తిప్పి కిందికి చూస్తోంది. వెనక కోతలైన చేను మసకగా ఉంది.' 1500 అక్షరాల దాకా రాయవచ్చు, నాలుగు వాక్యాలు చాలు. దసరా రోజు పాలపిట్టను చూస్తే మంచిదని మా నమ్మకం అని పోస్టులో తెలుగులో రాసి, కింద ఇంగ్లిషులో ఒక వాక్యం చేర్చాను. సాయంత్రానికి పోలండ్ నుంచి ఒకావిడ జవాబు రాశారు. దీని దాయాది పిట్ట వాళ్ల దేశంలోనూ ఉండేదని, ఇప్పుడు దాదాపు కనుమరుగైందని, చిన్నప్పుడు తాతగారి పొలంలో చూసినదాన్ని నా ఫోటోలో మళ్లీ చూశానని. ఎక్స్‌లో అదే ఫోటోకు నాలుగు వందల లైకులు వచ్చాయి. ఎవరిచ్చారో ఒక్కరూ గుర్తు లేరు.

ఆ పోస్టు రాసేటప్పుడు నేను చేసిన ఇంకో పని, భాష సరిగ్గా పెట్టడం. రాసే పెట్టె కింద భాష ఎంచుకునే చిన్న మీట ఉంటుంది, మామూలుగా ఇంగ్లిషు అని ఉంటుంది. తెలుగుకు మార్చండి. లేకపోతే ఇంగ్లిషు పోస్టులు వద్దని జల్లెడ పెట్టుకున్న తెలుగువాడికి మీ తెలుగు పోస్టు కనబడదు, తెర చదివే సాఫ్ట్‌వేర్ తెలుగును ఇంగ్లిషు గొంతుతో చదవబోయి తికమకపడుతుంది. మాస్టడాన్ తెరను కూడా తెలుగులో పెట్టుకోవచ్చు, కాని అనువాదం అసంపూర్ణం. సగం తెలుగు, సగం ఇంగ్లిషు కనబడుతుంది. నేను కొన్నాళ్లు ఉంచి విసుగొచ్చి తీసేశాను.

తెలుగు రాసేవాళ్లకు ఒక లాభం ఉంది, ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను. ఎక్స్‌లో 280, ఇక్కడ 500 అనేది అందరికీ కనబడే తేడా. కనబడనిది లెక్కపెట్టే పద్ధతి. ఎక్స్ మన అక్షరాన్ని విడదీసి లెక్కిస్తుంది. 'శ్రీ' రాస్తే శకారం ఒకటి, పొల్లు ఒకటి, రకారం ఒకటి, దీర్ఘం ఒకటి, మొత్తం నాలుగు. మాస్టడాన్ కంటికి కనబడే అక్షరాన్ని లెక్కిస్తుంది. అక్కడ 'శ్రీ' ఒకటిగానో రెండుగానో పోతుంది. గుణింతాలూ ఒత్తులూ నిండిన పెద్ద పద్యం ఎక్స్‌లో మూడో పాదం దగ్గర ఆగిపోతే, ఇక్కడ నాలుగు పాదాలూ పట్టి, తాత్పర్యానికీ చోటు మిగులుతుంది. నేను ఒక సీసపద్యాన్ని ఎత్తుగీతితో సహా ఒకే పోస్టులో పెట్టాను. అది ఆ వేదిక గురించి నాకు కలిగిన మొదటి సంతోషం.

అయినా మీ పద్యాలకు మాస్టడాన్ చాలదు. తెలుగు చదివేవాళ్లు అక్కడ తక్కువ. బాగా తక్కువ. రాష్ట్రాలు దాటి, అమెరికా ఆస్ట్రేలియాల తెలుగువాళ్లను కలుపుకున్నా, పద్యం మీద యతి ఎక్కడ తప్పిందో చెప్పేవాళ్లు నాకు మూడేళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే దొరికారు. ఫోటోకు భాష అడ్డం కాదు, పద్యానికి అదే ప్రాణం. అందుకే బ్లాగు అన్నాను. పాత రోజుల్లో కూడలి, మాలిక వంటి సంకలినుల్లో (తెలుగు బ్లాగులన్నిటి టపాలనూ ఒకచోట చూపే సైట్లలో) కొత్త టపా పడితే అరగంటలో వ్యాఖ్యలు వచ్చేవి. ఆ కాలం తిరిగి రాదని నాకు తెలుసు. ఇప్పుడు ఇంకో దారి ఉంది. వర్డ్‌ప్రెస్ బ్లాగుకు యాక్టివిటీపబ్ ప్లగిన్ (అదనంగా తగిలించే చిన్న సాఫ్ట్‌వేర్) కలిపితే మీ బ్లాగే ఒక మాస్టడాన్ ఖాతాలా ప్రవర్తిస్తుంది. జనం తమ ఖాతాల నుంచే దాన్ని ఫాలో అవుతారు, అక్కడ రాసిన జవాబు ఇక్కడ వ్యాఖ్యగా వచ్చి పడుతుంది. 2023 అక్టోబరు నుంచి వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ బ్లాగులకూ ఈ వీలు ఇచ్చారు. సొంత డొమైన్ కొనుక్కుంటే ఏ కంపెనీ మూతపడినా మీ పద్యాల చిరునామా మారదు. 640 పోస్టులు పోగొట్టుకున్నాక నాకు వచ్చిన బుద్ధి ఇది. దాచుకోవాల్సినది ముందు బ్లాగులో పెడతాను, తర్వాతే అందరికీ చూపిస్తాను. బ్లాగులో మీ మాస్టడాన్ ఖాతాకు ప్రత్యేకమైన గుర్తుతో లంకె ఇస్తే, ప్రొఫైల్‌లో బ్లాగు పేరు పక్కన పచ్చటి టిక్కు వస్తుంది. డబ్బు కట్టనక్కర్లేదు. ఆ గుర్తు ఎలా పెట్టాలో ప్రొఫైల్ సెట్టింగులలోనే రాసి ఉంటుంది.

బ్లూస్కై సంగతి. 2019లో ట్విట్టర్ లోపలే ఒక ప్రాజెక్టుగా మొదలై, విడిగా కంపెనీ అయింది. 2024 ఫిబ్రవరి దాకా ఆహ్వానం ఉంటేనే ప్రవేశం. అదే ఏడాది ఆగస్టు చివర బ్రెజిల్‌లో ఎక్స్‌ను నిషేధించినప్పుడు, నవంబరులో అమెరికా ఎన్నికల తర్వాత జనం వరదలా వచ్చిపడ్డారు. వాడటానికి మాస్టడాన్ కన్నా సులువు, సర్వర్ ఎంచుకోవాల్సిన తలనొప్పి లేదు, పాత ట్విట్టర్‌లాగే కనబడుతుంది. ఎవరో కూర్చిన జాబితాలోని వాళ్లందరినీ ఒక్క మీటతో ఫాలో అయ్యే స్టార్టర్ ప్యాక్‌లు ఉన్నాయి, పక్షులకు కూడా. పోస్టుకు 300 అక్షరాలు, లెక్క మాత్రం మాస్టడాన్ పద్ధతే. సొంత డొమైన్‌నే ఖాతా పేరుగా పెట్టుకోవచ్చు, ఇది నాకు బాగా నచ్చిన సంగతి. నచ్చనిది, ఎవరిని ఎవరు బ్లాక్ చేశారో ఎవరైనా చూడగలగడం. మన ఊళ్లలో ఇది కాపురాలు కూల్చే సమాచారం. పైగా చివరికి అది పెట్టుబడిదారుల డబ్బుతో నడిచే కంపెనీ, వాళ్లు ఎప్పుడో ఒకప్పుడు లాభం అడుగుతారు. మీకు త్వరగా నలుగురు కావాలంటే వెళ్లండి, తప్పు లేదు. నేనైతే అక్కడ విడిగా కాపురం పెట్టలేదు. బ్రిడ్జీ ఫెడ్ అనే వంతెన ఉంది. దాని ఖాతాను మాస్టడాన్ నుంచి ఫాలో అయితే మన పోస్టులు బ్లూస్కైలోనూ కనబడతాయి. నా పాలపిట్ట అలాగే అటు దాటింది.

థ్రెడ్స్ గురించి మీరు అడగలేదు. 2023 జూలైలో వచ్చి ఐదు రోజుల్లో 10 కోట్ల ఖాతాలు దాటింది. మెటా వాళ్లది. ఒక పెద్ద కంపెనీ పోరు పడలేక వచ్చినవాళ్లు ఇంకో పెద్ద కంపెనీ దగ్గరికి ఎందుకు పోవాలో నాకు అర్థం కాదు.

ప్రమాదాలు రెండు చెప్పి తీరాలి. మాస్టడాన్‌లో ప్రైవేటు సందేశం అనేది నిజంగా ప్రైవేటు కాదు. తాళం వేసిన ఉత్తరం కాదది, సర్వర్ నిర్వాహకుడు తలచుకుంటే చదవగలడు. అంతకన్నా ఘోరం, ఆ సందేశంలో మూడో మనిషి ఖాతా పేరును ఎట్ గుర్తుతో రాశారంటే, అది ఆ మూడో మనిషికి కూడా వెళ్లిపోతుంది. మా సర్వర్‌లో ఒకాయన 'ఫలానా ఆయనకు కాస్త చాదస్తం' అని నాకు చెప్పబోయి ఆ ఫలానా ఆయనకే చెప్పేశాడు. రెండు నెలలు మాటల్లేవు. ఫోన్ నంబర్లు, చిరునామాలు, చాడీలు వేరే చోట చెప్పుకోండి.

రెండోది, తుడిపివేత. మీరు పోస్టు తీసేస్తే, నకలున్న ప్రతి సర్వర్‌కూ 'తీసేయండి' అని కబురు వెళుతుంది. చాలావరకు వింటాయి. ఆగిపోయి ఉన్న సర్వరో, మాట వినని సర్వరో ఉంటే అక్కడ అలాగే ఉండిపోతుంది. పక్షుల వాళ్లకు ఇది మరీ ముఖ్యం. గూడు, గుడ్లు ఉన్న ఫోటో పెట్టేటప్పుడు చోటు పేరు రాయకండి, ఫోటోలోని జీపీఎస్ వివరాలు ముందే తీసేయండి. తర్వాత తుడిపేద్దాం అనుకుంటే కుదరకపోవచ్చు.

మండలం పూర్తయ్యాక ఎలా తేల్చుకోవాలి? ఫాలోవర్ల సంఖ్య చూడకండి, ఎక్స్‌లోని 4 వేలతో పోలిస్తే ఎప్పటికీ ఏడుపే. మీరు పేరు పెట్టి గుర్తుపట్టే మనుషులు ఐదుగురు తయారయ్యారా, వాళ్లు ఏం పెట్టారో చూడాలని పొద్దున్నే అనిపిస్తోందా? అనిపిస్తే ఉండండి. లేదంటే నిస్సంకోచంగా వదిలేయండి, ఈ ఏనుగును మోయాల్సిన బాధ్యత మీకు లేదు. ఎక్స్‌లో ఖాతా మాత్రం అప్పటిదాకా ఉంచి, ప్రొఫైల్‌లో కొత్త చిరునామా రాసి పెట్టండి. మీ 4 వేల మందిలో ఎవరు ఎప్పుడు వెతుక్కుంటూ వస్తారో తెలియదు. నాకు మొన్న నాలుగేళ్ల తర్వాత ఒకరు వచ్చారు.

ఫోనులో ఏ యాప్ వాడాలని చివర్లో అడిగారు. అధికారిక యాప్‌తో మొదలుపెట్టండి. కొన్నాళ్లకు ఆండ్రాయిడ్‌లో టస్కీ, ఐఫోనులో ఐవరీ చూడండి. టస్కీ ఉచితం, ఐవరీకి చందా కట్టాలి. మీరు చెప్పిన ఆ పాత శామ్‌సంగ్‌లో టస్కీ బాగానే నడుస్తుంది, నా దగ్గర అంతకన్నా పాతదే ఉంది. పెట్టగానే దాని సెట్టింగుల్లోకి వెళ్లి, రాసే భాష తెలుగు అని ఉందో లేదో మళ్లీ ఒకసారి చూసుకోండి.